నీ కడుపు చల్లగుండ

జూలై నెల, సాయంత్రం నాలుగు గంటలు. ఫీనిక్స్ పక్కన చాండ్లర్‌లో ఎర్ర లైటు దగ్గర ఆగి ఉన్నాను. బయట 46 డిగ్రీలు. నా కారుకు ఏసీ లేదు. అద్దాలన్నీ దించేసి ఉన్నాయి. అట్లాంటి వేళ నేను చేసిన పనేమిటయ్యా అంటే, హీటరు మీటను ఆ చివరిదాకా నెట్టి, దాని ఫ్యానును పూర్తి జోరులో పెట్టాను. కొలిమి తలుపు తెరిచినట్టు కాళ్ళ మీదికి సెగ తన్నుకొచ్చింది. పక్క వరసలో ఏసీ వేసుకుని కూర్చున్న కుర్రాడు మొదట నా బండిని ముచ్చటగా చూశాడు. తర్వాత నా మొహం మీద ధారలు కడుతున్న చెమట చూశాడు. ఈయనకేదో అయిందనుకున్నాడో ఏమో, చేతిలో ఫోను పక్కన పెట్టి మరీ చూశాడు.

నాకేమీ కాలేదు. అయ్యేది ఇంజనుకి. ముల్లు 230 ఫారెన్‌హీట్ మీద ఉంది, మన లెక్కలో 110 డిగ్రీలు. హీటరంటే వేరే ఏమీ కాదు, డాష్‌బోర్డు వెనక దాక్కున్న ఒక బుల్లి రేడియేటరు. ఇంజన్లో కాగిన నీళ్ళే దాంట్లోనూ తిరుగుతాయి. ముందున్న పెద్ద రేడియేటరు చేతులెత్తేస్తే ఈ చిన్నదాన్ని కూడా పనికి పిలవచ్చు. దాని పాలబడిన వేడి నా పాదాల మీదుగా కిటికీలోంచి బయటికి పోతుంది. ఇంజను బతకాలంటే నేను ఉడకాలి, అదీ ఒప్పందం.

ముల్లు వెంట్రుకవాసి వెనక్కి జరిగింది. లైటు మాత్రం మారలేదు. అప్పుడు నాకు తెలియకుండానే స్టీరింగు మీద చెయ్యి రాస్తూ, "నీ కడుపు చల్లగుండ, ఒక్క నిమిషం ఓర్చుకో తల్లీ" అన్నాను.

అది మా నాయనమ్మ మాట. మాది మాచర్ల దగ్గర పల్లె. ప్రతి వేసవిలోనూ పేపర్లో పేరెక్కే రెంటచింతల మాకు పొరుగూరే. ఎండలో పడి వచ్చినవాడెవడైనా అరుగు మీద కూలబడితే నాయనమ్మ మజ్జిగ ముంత ఇచ్చేది. తాగి వాడనేవాడు, "నీ కడుపు చల్లగుండమ్మా" అని. ఎదురు దీవెనగా ఆవిడా అదే మాట అనేది. మన దగ్గర మంచిదంతా చల్లనిదే. చల్లని చూపు, చల్లని తల్లి, చల్లగా వర్ధిల్లు. చెడ్డదంతా వేడి: కడుపుమంట, ఒళ్ళుమంట, తల కాగిపోవడం. ఈ దేశం వచ్చాక చూస్తే లెక్క తిరగబడి ఉంది. ఇక్కడ స్వాగతం వెచ్చగా ఉండాలి. చల్లగా మాట్లాడాడంటే మనసు లేనివాడని. చివరికి కొత్తింట్లో అడుగుపెట్టడాన్ని కూడా వీళ్ళు హౌస్ వార్మింగ్ అంటారు. ఫీనిక్స్‌లో ఇల్లు కొనుక్కుని దాన్ని మళ్ళీ వెచ్చబెట్టడమేమిటో! మంచు కురిసే దేశాల్లో పుట్టిన మాటలు. పుట్టిన చోట వాటికి అర్థముంది.

నా బండి కూడా ఆ మాటల్లాంటిదేనని నాకు అర్థం కావడానికి మూడు వేసవులు పట్టింది.

బండి 1966 పాంటియాక్ జీటీవో. 389 ఘనపుటంగుళాల వీ8 ఇంజను, అంటే 6.4 లీటర్లు. మా బాబాయి అంబాసిడర్‌కున్నది ఒకటిన్నర లీటరు. అట్లాంటివి నాలుగు కలిపినా దీనికి కాస్త తక్కువే. మజిల్ కారు అన్న జాతికి జీటీవోనే మొదటిదని చాలామంది లెక్క. మధ్యరకం కారులో 330 ఘనపుటంగుళాలకు మించిన ఇంజను పెట్టకూడదని అప్పట్లో జనరల్ మోటార్స్ పెద్దల నిబంధన. పాంటియాక్ చీఫ్ ఇంజనీరు జాన్ డెలోరియన్ బృందం 1964 మోడళ్ళ కోసం దానికి సందు వెతికింది. కొత్త మోడలంటే పైవాళ్ళు ఒప్పుకోరు, కాబట్టి ఉన్న మోడలుకే కావలసినవాళ్ళు ఎంచుకునే అదనపు సరంజామాగా పెద్ద ఇంజనును తగిలించారు. జనం ఎగబడి కొనేసరికి నిబంధన సంగతి అందరూ మర్చిపోయారు. 1966కి జీటీవో సొంత పేరు మీద వేరే మోడలై కూర్చుంది.

కాగితం మీద దీని సత్తా 335 గుర్రాలు. ఆ కాలపు గుర్రాల లెక్కలో ఒక తమాషా ఉంది. ఇంజనును బండిలోంచి తీసి, పరీక్ష గదిలో బల్ల మీద పెట్టి, ఫ్యాను లాంటి అదనపు భారాలేవీ లేకుండా తిప్పి కొలిచిన అంకె అది. 1972 నుంచి ఆ పద్ధతి మారి, బండిలో ఉన్నట్టే అన్నీ తగిలించి కొలవడం మొదలుపెట్టారు. అంటే, నా బండి గొప్పగా చెప్పుకునే అంకె, దాన్ని చల్లబరిచే ఫ్యాను బరువు దాని మీద పడని క్షణానిది. పెళ్ళికాని రోజుల్లో ఎంత మిగిల్చేవాణ్ణో చెప్పుకోవడం లాంటిది.

ఇంజను పుట్టింది మిషిగన్‌లోని పాంటియాక్ ఊళ్ళో. అక్కడ జనవరి పొద్దున పెట్రోలు కూడా ఆవిరి కానని మొరాయిస్తుంది. అందుకని కట్టినవాళ్ళు దీన్ని వెచ్చబెట్టడానికి పడ్డ తంటాలు అన్నీ ఇన్నీ కావు. కార్బ్యురేటరు మొగాన గాలిని అడ్డుకునే చోక్ రెక్క ఉంది. నీళ్ళు కాగేదాకా రేడియేటరుకు పోనీయకుండా ఆపే థర్మోస్టాట్ ఉంది. అన్నిటికన్నా నన్ను నోరెళ్ళబెట్టించింది ఇంకొకటి. ఎగ్జాస్టు దారిలో ఒక చిన్న రెక్క ఉంటుంది. ఇంజను చల్లగా ఉన్నంతసేపు అది మూసుకుని, బయటికి పోవలసిన పొగను వెనక్కి మళ్ళించి, సరిగ్గా కార్బ్యురేటరు కిందుగా నడిపిస్తుంది. పోయే పొగలోని వెచ్చదనాన్ని కూడా వదులుకోని సంసారం. మిషిగన్‌లో అది పొదుపు. ఫీనిక్స్‌లో పెట్రోలు గిన్నె కింద కుంపటి.

డెట్రాయిట్ వాళ్ళకు ఎండ సంగతి బొత్తిగా తెలియదనీ కాదు. 1953లోనే జనరల్ మోటార్స్ మా పక్క ఊరు మేసాలో ఎడారి పరీక్షల మైదానం పెట్టి, ఎండలో బండ్లను తిప్పి కాచి చూసేది. 2009లో దాన్ని మూసేశారు. ఇప్పుడక్కడ కాలనీలు లేచాయి. ఆ వైపు ఒక స్నేహితుడి గృహప్రవేశానికి వెళ్ళాను. కొత్త పొయ్యి మీద పాలు పెట్టారు. అందరం చుట్టూ చేరి, పొంగు గిన్నె అంచు దాటగానే చప్పట్లు కొట్టాం. నాకు లోలోపల నవ్వొచ్చింది. యాభై ఏళ్ళకు పైగా ఏది పొంగకూడదని ఇంజనీర్లు ఈ నేల మీద కుస్తీ పట్టారో, అది పొంగితేనే శుభమని మేమొచ్చి చప్పట్లు కొడుతున్నాం.

ఇక నేను చేసిన తప్పుల సంగతి. బండి కాగుతోందంటే జేబులో డబ్బున్నవాడికి మొదట తట్టేది పెద్ద రేడియేటరు. పాత రాగి ఇత్తడి రేడియేటరు తీసేసి, మెరిసిపోయే అల్యూమినియం దాన్ని పెట్టించాను. రెండు రోజులు ఆనందం, మూడోరోజు మళ్ళీ అదే ఎర్ర లైటు, అదే ముల్లు. తర్వాత థర్మోస్టాట్ మీద పడ్డాను. 180 ఫారెన్‌హీట్‌కు తెరుచుకునేది తీసి 160ది పెట్టాను. చిన్న పిల్లవాడికి కూడా తెలియాల్సిన లెక్క అది: తలుపు ఎప్పుడు తెరవాలన్నదే థర్మోస్టాట్ చెప్పేది. ఒకసారి బార్లా తెరుచుకున్నాక 160 అయినా 180 అయినా అది తెరిచిన తలుపే. 230 దగ్గర ఉన్నవాడికి తలుపు 160కే తెరుచుకుందా లేదా అన్నదాంతో పనేముంది? నాకది తట్టలేదు. పైగా మొత్తం తీసేసి చూశాను. నీళ్ళు మరీ వేగంగా పరిగెడితే రేడియేటరులో చల్లారడానికి తీరిక ఉండదని ఎవరో చెబితే, మధ్యలో ఒక రేకు బిళ్ళ అడ్డం పెట్టి చూశాను. అదీ వట్టి మాటే. నీళ్ళు గుండ్రంగా తిరుగుతున్నప్పుడు రేడియేటరులో తీరిక తగ్గితే ఇంజన్లో కాగే తీరికా అంతే తగ్గుతుంది కదా! అయినా ఈ మాట నమ్మేవాళ్ళు ఎడారిలో కాక్టస్ చెట్లంత మంది ఉన్నారు. అడ్డు బిళ్ళ పెడితే ఎప్పుడైనా మేలు జరిగిందంటే, ఆ అడ్డు వల్ల ఇంజను లోపల నీటి ఒత్తిడి పెరిగి, సిలిండర్ల తల దగ్గర బుడగలు కట్టకుండా ఆగడం వల్లే.

మా పక్కింటాయన ఇదంతా రెండు వేసవులు కంచె అవతలనుంచి చూశాడు. మెకానిక్ పని చేసి రిటైరైనవాడు, ఎనభైకి దగ్గర. అడగనిదే చెప్పడు. మన వైపు పెద్దవాళ్ళకు లేని సుగుణం అది. ఒకనాడు నేనే సిగ్గు విడిచి అడిగాను. బానెట్ ఎత్తకుండానే ఒక్క ప్రశ్న వేశాడు.

"పరిగెత్తుతుంటే కాగుతోందా, నిలబడితే కాగుతోందా?"

"నిలబడితేనే. హైవే ఎక్కితే దిగిపోతుంది."

"మరైతే నీళ్ళనెందుకు తిడతావు? నీకు పోయింది గాలి."

ఈ మాట దగ్గర నేను చాలాకాలం ఆగిపోయాను. బలం ఎక్కువైన ఇంజను కాబట్టి బలం వాడినప్పుడు కాగుతుందని నా ఊహ. నిజానికి సమతల రోడ్డు మీద గంటకు అరవై మైళ్ళ వేగంతో పోవడానికి ఆ 335 గుర్రాల్లో ఓ పాతిక ముప్ఫై చాలు. తగలేసిన పెట్రోలు వేడిలో బండిని నడిపేది నాలుగో వంతుకు కాస్త అటూ ఇటూ. మిగిలింది కొంత పొగగొట్టంలోంచీ, కొంత నీళ్ళలోకీ పోతుంది. హైవే మీద ఎదురుగాలి రేడియేటరును దానంతటదే ఆరబెడుతుంది, ఫ్యాను ఉన్నా లేకున్నా ఒకటే. ఎర్ర లైటు దగ్గర వేడి తక్కువే పుడుతుంది, కానీ పుట్టింది పోయే దారి ఉండదు. ఫ్యాను ఇంజను బెల్టు మీద తిరిగేది కనుక ఇంజను మెల్లగా తిరిగితే అదీ ఈసురోమంటుంది. కింద తారు రోడ్డు చెయ్యి పెడితే కాలే వేడి, పై నుంచి ఎండ, ముందు నిలబడ్డ ట్రక్కు పొగ. 20 డిగ్రీల రోజున 90 డిగ్రీల నీళ్ళకూ గాలికీ మధ్య 70 డిగ్రీల తేడా ఉంటుంది. ఫీనిక్స్‌లో 46 రోజున ఆ తేడా 44 మాత్రమే. అంటే అదే రేడియేటరు మూడో వంతుకు పైగా చిక్కిపోయినట్టు. పావు మైలు దూరం పోటీలు పడి పరిగెత్తడానికి పేరుపడ్డ బండికి ప్రాణాపాయం నిలబడటంలో ఉందన్నమాట.

పెద్దాయన ఇంట్లోకి వెళ్ళి ఒక తెల్లకాగితం తెచ్చాడు. ఇంజను తిరుగుతుండగా గ్రిల్లుకు ఆనించి వదిలాడు. కాగితం జారి నేల మీద పడింది. ఫ్యాను నిజంగా గాలి లాగుతుంటే అది అక్కడే అతుక్కుని ఉండాలట. బానెట్ ఎత్తితే కారణం కళ్ళెదుటే ఉంది. ఫ్యాను చుట్టూ ఉండాల్సిన ప్లాస్టిక్ గూడు, ష్రౌడ్ అంటారు, అసలు లేదు. ఎవరో పాత యజమాని పని చెయ్యడానికి అడ్డమని తీసేసి ఉంటాడు. ఊదుగొట్టం లేకుండా పొయ్యి ఊదితే ఏమవుతుంది? బూడిద మన మొహాన పడుతుంది గానీ నిప్పు రాజుకోదు. ష్రౌడ్ లేని ఫ్యానుదీ అదే బతుకు. రేడియేటరు గుండా కొత్త గాలిని లాగడం మానేసి, ఇంజను పక్కనున్న వేడిగాలినే కలియదిప్పుతుంది.

ష్రౌడ్ తెప్పించాం. ఫ్యాను రెక్క సగం దాని లోపల, సగం బయట ఉండేట్టు అమర్చాడు. మొత్తం లోపలికి పోయినా, మొత్తం బయట ఉన్నా దండగట. రేడియేటరు చుట్టూ ఉన్న సందులకు స్పాంజి పట్టీలు అంటించాడు. తర్వాత ఫ్యాను మధ్యలోని క్లచ్‌ను చూశాడు. లోపల చిక్కటి సిలికాన్ ద్రవం, ముందు ఒక లోహపు చుట్ట ఉంటాయి. వేడిగాలి తగిలితే చుట్ట విప్పారి ద్రవాన్ని వదులుతుంది, ఫ్యాను బిగిసి తిరుగుతుంది. చల్లగా ఉంటే వదులవుతుంది. నా బండి క్లచ్ చుట్టూ నూనె మరక. ద్రవమంతా ఎప్పుడో కారిపోయి, ఎండ ఎంత ఉన్నా అది వదులుగానే ఉంది. కొత్తది వేశాక కాగితం గ్రిల్లుకు టక్కున అతుక్కుంది. నేను పది డాలర్ల నోటు పెట్టి చూస్తానన్నాను. "నాకిస్తే ఇంకా బాగా అతుక్కుంటుంది" అన్నాడాయన.

కానీ నన్ను మురిపించింది ఇవేవీ కాదు. మర్నాడు చేసిన ఒక్క పైసా ఖర్చులేని పని.

స్పార్క్ ప్లగ్గు దగ్గర రవ్వ పడగానే పెట్రోలు గాలి మిశ్రమం ఢామ్మని పేలదు. తగలబడుతుంది, అందుకు కొంత సమయం తీసుకుంటుంది. ఇంజను ఊరికే తిరుగుతున్నప్పుడు మిశ్రమం పల్చగా ఉండి ఇంకా నెమ్మదిగా మండుతుంది. కనుక రవ్వ ముందే పడాలి. ఆలస్యంగా పడితే పిస్టన్ చేయాల్సిన పని అయిపోయాక కూడా మంట ఆరదు. పొగ తలుపు తెరుచుకునే వేళకు మండుతూనే బయటికి పోతూ, దారిలో సిలిండరు తలనూ దాని చుట్టూ ఉన్న నీళ్ళనూ కాచిపెడుతుంది. పెళ్ళి వంటాయన ఆలస్యంగా పొయ్యి వెలిగించినట్టు. బంతి లేచిపోతుంటే పులుసు అప్పుడే తెర్లుతుంది. తిన్నవాడు లేడు, వంటసాలకు మాత్రం సెగ.

రవ్వను ముందుకు జరపడానికి డిస్ట్రిబ్యూటరుకు ఒక రేకు డబ్బా, దానికో సన్నటి రబ్బరు గొట్టం ఉంటాయి. ఇంజను పీల్చే ఊపిరి ఆ గొట్టం ద్వారా డబ్బాను లాగుతుంది. నా బండిలో ఆ గొట్టాన్ని ఎవరో, బండి నిలబడ్డప్పుడు పీల్పు అందని రంధ్రానికి తగిలించారు. పెద్దాయన దాన్ని పీకి, ఎప్పుడూ పీల్పు ఉండే రంధ్రానికి పెట్టాడు. రెండు సెకన్ల పని. ఇంజను ఒక్కసారి గొంతు సవరించుకున్నట్టు చప్పుడు మారి వేగం పెరిగింది. స్క్రూ తిప్పి తగ్గించాడు. ముల్లు దిగడం మొదలైంది. ఇద్దరం చేతులు కట్టుకుని, బారసాల ఉయ్యాల ముందు నిలబడ్డవాళ్ళలా నిలబడి చూశాం.

అరవైల చివర్లో పొగ నియంత్రణ నిబంధనలు వచ్చాక కంపెనీలే కావాలని రవ్వను ఆలస్యం చేశాయి. కాలుష్యం తగ్గింది, ఇంజన్లు కాగాయి. దాంతో కొన్ని బండ్లకు మళ్ళీ ఒక చిన్న మీట పెట్టారు. నీళ్ళు మరీ వేడెక్కితే అది రవ్వను దానంతటదే ముందుకు జరుపుతుంది. గాలి బాగుండాలంటే బండికి జ్వరం రావాలి, జ్వరం ముదిరితే గాలి సంగతి తర్వాత చూద్దాం. ఎటూ తేల్చుకోలేని ఈ సంధి నాకు ఎగతాళిగా అనిపించదు. 2023లో ఫీనిక్స్‌లో వరసగా 31 రోజులు పగటి గరిష్ఠం 110 ఫారెన్‌హీట్, అంటే 43 డిగ్రీలకు తగ్గలేదు. ఆ రోజుల్లో నేను షెడ్డులోంచి బండి తీయలేదు, తీయడానికి మొహం చెల్లలేదు. దీని మైలేజీ ఎంతని అడిగినవాళ్ళకు ఇప్పటికీ మాట మారుస్తాను.

పాంటియాక్ ఇంజన్లకే ఉన్న ఒక పాత జబ్బు కూడా దొరికింది. నీళ్ళ పంపు రెక్కల వెనక ఒక రేకు ఉంటుంది. రెక్కకూ రేకుకూ మధ్య సందు ఎక్కువైతే నీళ్ళు ముందుకు పోవడం మాని అక్కడే సుళ్ళు తిరుగుతాయి. రేకును మెల్లగా వంచి దగ్గరికి తెచ్చాం. ఇక నీళ్ళు. మా కుళాయి నీళ్ళు గిన్నెలకు తెల్లగా సున్నం పట్టిస్తాయి కనుక స్వేదన జలం. గడ్డకట్టని ఊరికి యాంటీఫ్రీజ్ ఎందుకని వాదించాను గానీ, తుప్పు పట్టకుండా కొంతైనా ఉండాలన్నాడు. సగం సగం కలపక్కర్లేదు, మూడొంతులు నీళ్ళు పోయమన్నాడు. వేడిని మోయడంలో నీటిని మించింది లేదని ఆయన నమ్మకం. సైన్సూ ఆ మాటే అంటుంది.

అన్నిటి మీదా రేడియేటరుకు ఒక మూత. ఆ మూత దగ్గరికి చెయ్యి పోతే నాకు దోర్నాల గుర్తొస్తుంది. ఎనిమిదేళ్ళ వయసులో ఎండాకాలం అంబాసిడర్లో తొమ్మిదిమందిమి శ్రీశైలం బయలుదేరాం. దోర్నాల దాటి ఘాటు ఎక్కుతుంటే బానెట్ సందుల్లోంచి ఆవిరి. డ్రైవరు దిగి, గోనెపట్టా తడిపి చేతికి చుట్టుకున్నాడు. నేను పక్కకు చేరితే, "దగ్గరికి రామాక అబ్బాయా, అది కోపమ్మీదుంది" అని గసిరాడు. మూత మీద గోనె కప్పి, వెంటనే తియ్యకుండా, బీడీ ఒకటి కాల్చుకున్నాడు. అది ఆయన గడియారం. బీడీ అయ్యాక కొంచెం తిప్పి, బుస్సుమనే చప్పుడు ఆగేదాకా పట్టుకుని, అప్పుడు తీశాడు. మా నాయనమ్మ తాగే నీళ్ళ చెంబు ముందుకు చాచి, "పోయరా, నోరెండిపోయినట్టుంది దానికి" అంది.

ఆ మూత కుక్కరు మూతే. 15 పౌన్ల ఒత్తిడిని పట్టి ఉంచి, 212కు మరగాల్సిన నీళ్ళను దాదాపు 250 ఫారెన్‌హీట్ దాకా, అంటే 120 డిగ్రీల దాకా మరగనివ్వదు. రబ్బరు ఎండిన మూత పది డాలర్లు కూడా చెయ్యదు గానీ, వేల డాలర్ల ఇంజనును గంటలో ముంచుతుంది. నేను రేడియేటరు కొన్నాను గానీ మూత పాతదే బిగించాను. ఇంతకన్నా చెప్పుకుంటే పరువు పోతుంది.

రూట్ 66 మీద ఎడారి దాటిన పాతకాలం వాళ్ళు బంపరుకు ఒక గుడ్డ సంచి వేలాడదీసుకునేవాళ్ళు. నార గుడ్డ సంచిలో నీళ్ళు. గుడ్డలోంచి చెమ్మ ఊరి, గాలికి ఆరుతూ లోపలి నీళ్ళను చల్లబరుస్తుంది. దారిలో ఒక చిన్న మ్యూజియంలో ఆ సంచిని అద్దాల పెట్టెలో చూసినప్పుడు దగ్గరి చుట్టం కనబడ్డట్టయింది. మన కుండ చేసేదీ అదే కదా! వెచ్చదనాన్ని పొగిడే భాష మాట్లాడేవాళ్ళు కూడా ఎడారిలోకి వచ్చేసరికి కుండ దగ్గరికి చేరారు.

ఇంతా చేస్తే ఇంకో తిప్పలు. బండి ఆపేశాక కాగుతుంది. ఇంజను ఆగితే పంపూ ఫ్యానూ ఆగుతాయి, ఇనుములోని వేడి మాత్రం ఆగదు. అది నీళ్ళలోకీ, కార్బ్యురేటరులోకీ పాకుతుంది. పెట్రోలు గొట్టంలోనే ఆవిరై బుడగ కట్టి దారి మూస్తుంది. అందులో ఇప్పటి పెట్రోల్లో ఇథనాల్ కలుస్తోంది, ఆ మిశ్రమం ఇంకా తొందరగా ఆవిరవుతుంది. పాలకని దుకాణానికి పోయి పది నిమిషాల్లో తిరిగొస్తే బండి ఇక లేవనంటుంది. కార్బ్యురేటరు కింద వేడి సోకని దిమ్మ ఒకటి వేశాం, పొగ దారి కుంపటిని రేకుతో మూసేశాం. చివరికి పెద్దాయన బట్టలారేసే చెక్క క్లిప్పులు అడిగాడు. పెట్రోలు గొట్టానికి అవి వరసగా తగిలిస్తే ఆవిరి కట్టదని పాతకాలం నమ్మకం. మా ఆవిడ డజను తెచ్చి ఇచ్చి, "వినాయకుడికి పత్రి లాగా అన్నీ అక్కడే పెట్టేయకండి, చీరలు ఆరేయాలి" అంది. ఆ క్లిప్పులు నిజంగా పనిచేస్తాయని నేననుకోను. తీయనూ లేదు.

ఇన్ని అయ్యాక ముల్లు ఎక్కడ నిలిచిందంటే, 190 ఫారెన్‌హీట్ దగ్గర. 88 డిగ్రీలు. మన భాషలో చెప్పాలంటే చెయ్యి పెడితే బొబ్బలెక్కే వేడి. ఇంకా తగ్గించమని నేను గొడవ చేస్తే పెద్దాయన ఒప్పుకోలేదు. మరీ చల్లగా నడిపితే నూనెలో చేరిన తేమ ఆవిరై పోదు, బురద కడుతుంది, లోపలి భాగాలు తొందరగా అరిగిపోతాయి. మనమూ అంతేగా. చల్లగా ఉండమంటాం గానీ చల్లబడిపొమ్మనం. ఒళ్ళు చల్లబడిందంటే ఇక కబురు పంపడమే.

ఆగస్టులో ఒక తెల్లవారుజామున మూడున్నరకు ఫ్లాగ్‌స్టాఫ్ బయలుదేరాం. మా ఆవిడ రెండేళ్ళ తర్వాత ఈ బండెక్కడం అదే. ఊళ్ళో ఆ వేళకే 33 డిగ్రీలు. ఐ-17 హైవే మీద బ్లాక్ కాన్యన్ సిటీ దాటితే నిటారు ఎక్కుడు. కారు కాగకుండా ఏసీ ఆపుకోండని బోర్డులు కనిపిస్తాయి. "మనకా బాధ లేదు" అన్నాను. ఆవిడ నవ్వలేదు. లారీల వెనక, మెల్లగా, రెండో గేరులో ఎక్కుతుంటే ముల్లు 190 దాటి, 200 దాటి, 205 దగ్గర ఊగింది. నా చెయ్యి హీటరు మీట వైపు జరుగుతున్నట్టు నాకే తెలిసింది. సన్‌సెట్ పాయింట్ మలుపు వచ్చింది, ఎక్కుడు విరిగింది, ముల్లు తన చోటికి తాను దిగింది. మరగలేదు. నేనెవరికీ చెప్పకుండా ఊపిరి వదిలాను.

ఫీనిక్స్ వెయ్యి అడుగుల ఎత్తులో ఉంటే ఫ్లాగ్‌స్టాఫ్ ఏడు వేలకు దగ్గర. అక్కడ మూత లేని గిన్నెలో నీళ్ళు 93 డిగ్రీలకే మరుగుతాయి, కందిపప్పు ఓ పట్టాన ఉడకదు. పైన్ చెట్ల మధ్యకు వచ్చేసరికి తూరుపు తెల్లబడింది. అద్దంలోంచి వచ్చే గాలి ముందు హాయిగా ఉంది, తర్వాత వణికించింది. మా ఆవిడ కొంగు భుజాల చుట్టూ లాక్కుని, అద్దం పైకి తిప్పి, "ఈ బండికి హీటరన్నా ఉందా, అదీ లేదా?" అంది.

మీట నెట్టాను. ముందు కాలిన దుమ్ము వాసన, ఆ తర్వాత మెత్తటి వెచ్చదనం. ఆవిడ చేతులు చాచి కాచుకుంటోంది. నేను అలవాటు కొద్దీ ముల్లు వంక చూశాను. 185కు దిగింది. ఇంకా దిగుతుందేమోనని చూస్తూనే ఉన్నాను.

"అటు కాదు, రోడ్డు చూడండి" అంది.